మజ్జిగ పోయని బంతి

"మా ఊరికి తుపానొస్తే మీ పల్నాడు నుంచి పెత్తనం ఏంది వదినా?"

"పెత్తనం కాదు మరిదీ, పప్పు. పప్పు ఎట్టా ఉడకెయ్యాలో చెప్తన్నా. ఫోను పిల్లకియ్యి."

"నాలుగేళ్ళ నుంచి గుర్తురాని చుట్టాలం, ఇయ్యాల గుర్తొచ్చామా?"

"ఫోన్ చేసింది నేను కాదు, నీ కోడలు."

"దానికి బుద్ధి లేదు."

"ఉంది గనకే చేసింది. ఆ పిల్ల ఒంటి చేత్తో నూటయాభై మందికి ఎసరు పెడతంటే, నువ్వు గోడకానుకోని మాటలు చెప్తన్నావు. నీ బుద్ధి సంగతి చూసుకో."

"ఇదిగో, అదే నోరు! నా పెళ్ళాం పెద్దకర్మ నాడు గూడా ఇదే నోరు!"

ఫోను చేతులు మారిన చప్పుడైంది. తర్వాత సన్నటి గొంతు. "పెద్దత్తయ్యా, మామయ్య అటు పోయాడులెండి. కందిపప్పు కడిగాను. ఇంక చెప్పండి."

బళ్ళలో వంటకి కొత్తగా చేరుతున్న ఆడపిల్లల్లారా, మీలో పది, ఇంటరు చదివినవాళ్ళు కూడా ఉన్నారట. నేను మూడో తరగతితో ఆపినదాన్ని. మీకు నీతులు చెప్పే తాహతు నాకు లేదు. ఇరవై ఏళ్ళు గరిటె పట్టిన బతుకులో ఒక్క రోజు మటుకు చెప్పదగింది ఉంది. అది చెప్పి ఊరుకుంటాను.

నరసరావుపేటకి దగ్గర్లో ఒక ఊరి బడి మాది. ఇద్దరం వండేవాళ్ళం, నేనూ, నాకంటే పదేళ్ళు చిన్నదైన ఒక సావాసగత్తె. ఆమెది మెత్తటి చెయ్యి, నాది గట్టి చెయ్యి. పిల్లలు ఆమె వరసలో నిలబడాలని తోసుకునేవాళ్ళు. నా వరసలో పడ్డవాడు మొహం వేలాడేసేవాడు. నేను సగం గరిటె వేసేదాన్ని. "తిను, చాలకపోతే మళ్ళీ రా" అనేదాన్ని. మళ్ళీ వస్తే ఇంకో సగం. అంతేగాని పళ్ళెంలో మెతుకు మిగిలితే ఊరుకునేదాన్ని కాదు. అందుకే నాకు సగంగరిటె మామ్మ అని పేరు పెట్టారు. హెడ్మాస్టరు గారి ముందు కూడా ఆ పేరుతోనే పిలిచారొకసారి. ఆయన నవ్వాపుకోలేక కిటికీ వైపు తిరిగాడు.

నా కొలతలన్నీ ఒక పాత పాలపొడి డబ్బాతోనే. కిలోలు నాకు తెలియవని కాదు, నమ్మకం లేదు. బియ్యానికి డబ్బా, ఉప్పుకి దాని మూత. ఇరవై ఏళ్ళలో ఒక్కరోజు కూడా ఉప్పు తేడా రాలేదని నాకు లోపల కొంత గర్వం ఉండేది. ఆ గర్వం సంగతి కూడా ఈ కథలోనే ఉంది.

ఫోన్ చేసిన పిల్ల మా చిన్నాన్న కూతురి కోడలు. మా చిన్నాన్న కూతుర్ని నిజాంపట్నం అవతల, సముద్రానికి కూతవేటు దూరంలో ఉన్న ఊరికిచ్చారు. నాకు చెల్లెలు వరస. పెళ్ళయ్యాక మేము కలుసుకున్నది వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. అయినా కలిసినప్పుడల్లా అది తుపాన్ల కథలే చెప్పేది. దేవుడి కథలు చెప్పినంత నెమ్మదిగా చెప్పేది. "గాలి ఆగిందని బయటికి పోకూడదక్కా. అది ఆగడం కాదు, ఊపిరి పీల్చుకోవడం. ఈసారి రెండో పక్క నుంచి వస్తది" అనేది. ఎండలో మిరపకాయలు ఏరుకుంటూ ఆ మాటలు వింటుంటే నాకు నిద్ర వచ్చేది. సముద్రం అంటే ఏదో కలలో చూసిన ఊరులాగా ఉండేది నాకు.

ఆ చెల్లెలు జ్వరంతో పోయింది. పెద్దకర్మకి వెళ్ళాను. పెద్ద పందిరి, మూడు కూరలు, రెండు స్వీట్లు. జనం సగం తిని సగం విస్తట్లోనే వదిలేస్తున్నారు, పక్కవాళ్ళతో నవ్వుతూ మాట్లాడుకుంటున్నారు. నాకు ఒళ్ళు మండింది. "చచ్చినదాని పేరు చెప్పి ఇంత అన్నం కాలవలో పొయ్యడమేంది?" అని అందరూ వినేట్టు అని, నా విస్తరి మడిచి లేచిపోయాను. అప్పటికింకా బంతిలో ఎవరికీ మజ్జిగ పడలేదు. మన వైపు పద్ధతి మీకు తెలుసుగా. బంతిలో కూర్చున్నవాళ్ళు మజ్జిగన్నం తిన్నాకే, అందరూ ఒక్కసారే లేవాలి. మధ్యలో లేస్తే ఆ ఇంటిని కాలితో తన్నినట్టే. మరిది నా వెనకాల వాకిలి దాకా వచ్చి, అక్కడే ఆగిపోయాడు. ఆ రోజు నుంచి మాటల్లేవు.

ఇక ఆ తుపాను రోజు. మాకు సముద్రం దూరం, గాలి లేదు, వాన మటుకు పొద్దున్నుంచి ఒకే ధార. బళ్ళకి సెలవిచ్చారు. అయినా వంటపాక రేకు కారుతుంది, బియ్యం బస్తాలు తడుస్తాయని నేను గొడుగేసుకుని బడికి వెళ్ళాను. బస్తాలు లోపలి గదిలోకి లాగి, వరండాలో కూర్చున్నాను. పిల్లలు లేని బడి చూశారా ఎప్పుడైనా? గోడల మీద అక్షరాలు, ఎవరో మర్చిపోయిన చెప్పు, మైదానం నిండా నీళ్ళు, ఆ నీళ్ళలో పడుతున్న చినుకుల చప్పుడు. నేనే ఎక్కడికో వచ్చేసినట్టుంది. అప్పుడు మోగింది ఫోను.

ఆ పిల్ల ఊపిరి తీసుకోకుండా చెప్పింది. ఊరు ఊరంతా తీసుకొచ్చి మేడబడిలో పెట్టారు. బియ్యం, పప్పు, గ్యాసు బండలు అన్నీ తెచ్చిచ్చారు. వండాల్సినవాళ్ళు పక్క ఊరి నుంచి రావాలి, దారిలో చెట్లు పడ్డాయి. మొగుడు లారీ మీద ఎక్కడో ఉన్నాడు. "పొద్దున్నుంచి ఎవరి కడుపులోనూ ఏమీ పళ్ళేదు పెద్దత్తయ్యా. ఇళ్ళకి పోతామంటన్నారు. మామయ్య అయితే గేదెల్ని కట్టేసి వచ్చాడని నిలవలేకపోతన్నాడు. మీరు బడిలో వంట చేస్తారని అత్తయ్య చెప్పేది. క్యాలెండరు వెనకాల మీ నంబరు రాసి పెట్టింది."

వేడన్నం పడితే ఆగుతారు, లేకపోతే ఆగరు. ఆ ముసలాడు ముందే ఆగడు. విషయం నాకర్థమైంది.

ఫోనుని స్టీలు పళ్ళెంలో పెట్టాను, గట్టిగా వినపడుతుందని. ఇక చెప్పడం మొదలుపెట్టాను. ఎసరు ఎంత పొయ్యాలి, బియ్యం ఎప్పుడు వెయ్యాలి, గంజి వార్చడానికి ఇద్దరు మగాళ్ళని ఎక్కడ నిలబెట్టాలి. ఆ పిల్ల మాట వెనకాల పిల్లల ఏడుపులు, తలుపులు కొట్టుకునే చప్పుడు, వాటన్నిటి వెనకాల అదే పనిగా మరిగే ఎసరులాంటి ఒక హోరు. పొయ్యి మీదదేమో అనుకున్నాను. "అది సముద్రం పెద్దత్తయ్యా" అంది.

"ఉప్పు ఎంత?"

"నాలుగు మూతలు."

"ఏ మూత?"

"డబ్బా మూత."

"నాలుగా పెద్దత్తయ్యా?"

"నాలుగంటే నాలుగే. ఎదురు అడగమాక, చెయ్యి తిప్పు."

మూడో మూత పోస్తుండగా ఎవరో పెద్దాయన ఆ పిల్ల చెయ్యి పట్టుకున్నాడట. అక్కడున్న డబ్బా పిండివంటల డబ్బా. దాని మూత పళ్ళెమంత ఉంది. నేను ఎప్పుడూ నా డబ్బా ఒక్కటే లోకంలో ఉన్నట్టు మాట్లాడాను. ఆ పిల్లకి అనుమానం వచ్చింది, అడిగింది. కసిరి నోరు మూయించింది నేను. కొత్తగా చేరిన అమ్మాయిలూ, మీకు పని నేర్పే ముసల్దానికి ఎంత అనుభవమున్నా, రెండోసారి అడగండి. తిడితే పడండి.

"నాలిక మీద పెట్టలేకపోతన్నాం" అని ఏడిచింది.

"ఏడిస్తే ఇంకా ఉప్పవుతది. నీళ్ళు పొయ్యి, చింతపండు పిసుకు, ఉల్లిపాయలు వెయ్యి. పప్పు కాదు, పప్పుచారు అనుకో. ఉప్పు తగిలినదానికి అన్నం ఎక్కువ పడతది, అంతే" అన్నాను. ధైర్యంగానే అన్నాను గాని నా చెవులు వేడెక్కాయి. ఇరవై ఏళ్ళలో తేడా రాని ఉప్పు, ఊరు కాని ఊళ్ళో, ఉప్పు సముద్రం ఒడ్డున తేడా వచ్చింది.

మధ్యాహ్నం రెండింటికి వంటయింది. వడ్డించబోతుండగా ఉన్నట్టుండి ఆ హోరు ఆగిపోయింది. ఫోన్ కట్టయిందనుకున్నాను. కాదు. ఆ పిల్ల ఊపిరి వినపడుతోంది. ఎక్కడో ఒక కాకి అరిచింది.

"పెద్దత్తయ్యా, ఎండ వచ్చింది. మబ్బులో గుండ్రంగా సందు చేసినట్టు ఆకాశం కనపడతంది. జనం లేస్తన్నారు. మామయ్య పంచె ఎగ్గడతన్నాడు."

నాకు మా చెల్లెలు పక్కన కూర్చుని చెప్పినట్టే అయింది. మిరపకాయల ఎండ, దాని నెమ్మది గొంతు. ఆగడం కాదక్కా, ఊపిరి పీల్చుకోవడం.

"బంతి వెయ్యి" అన్నాను. "ఈ క్షణాన పళ్ళేలు పెట్టు. మీ మామయ్యని మధ్యలో కూర్చోబెట్టు, అటూ ఇటూ పెద్దవాళ్ళని పెట్టు. అన్నం వెయ్యి."

"తిని పోతామంటారు."

"మజ్జిగ ఎక్కడుంది?"

"మామయ్య పొద్దున క్యానులో పెరుగు తెచ్చాడు. చిలికి బక్కెట్లో పెట్టాను."

"దాన్ని లోపల పెట్టి తలుపెయ్యి. నేను చెప్పిందాకా మజ్జిగ బయటికి రాకూడదు. మజ్జిగ పడకుండా బంతిలోంచి ఎవడు లేస్తాడో నేనూ చూస్తా."

ఆ పిల్ల తెలివైనది. ఒక్క క్షణం ఆగి, "ఆ" అంది.

"నెమ్మదిగా వడ్డించు. కొసరి కొసరి వెయ్యి. మారు అడుగు. ప్రతివాణ్ణీ పేరు పెట్టి అడుగు."

మారు అడగమని నా నోటితో నేను చెప్పడం అదే మొదలు. నా చేతికి అలవాటు లేని మాట అది. ఎంత నెమ్మదిగానో ఎట్టా చెప్పను? గరిటె తీసుకున్నాను. మా బడి వరండాలో, పిల్లలు కూర్చునే చోట, ఈ కొస నుంచి ఆ కొసకి నడవడం మొదలుపెట్టాను. ఒక చేతిలో ఫోనున్న పళ్ళెం, ఒక చేతిలో ఖాళీ గరిటె. ఒక్కో చోట వంగాను. "ఇక్కడ ఒక పిడికెడు వెయ్యి. నాన్నా ఇంకొంచెం అను. ఇప్పుడు పక్కకి జరుగు. వద్దంటే చెయ్యి అడ్డం పెట్టేదాకా నిలబడు. ఇప్పుడు జరుగు." అక్కడ ఆ పిల్ల వంగుతోంది, ఇక్కడ నేను వంగుతున్నాను. అక్కడి పళ్ళేల చప్పుడు నా కాళ్ళ దగ్గరే వినపడుతోంది. వాన తెర కింద మా వరండా పొడుగు సాగిపోయి, ఆ చివర సముద్రం దాకా పోయినట్టనిపించింది. కూర్చున్నవాళ్ళ తలలు కూడా నాకు కనపడ్డాయంటే మీరు నవ్వకండి. అందరికంటే అవతల మా చెల్లెలు కొంగు దోపుకుని నీళ్ళ చెంబు పట్టుకుని నిలబడింది. దాని వైపు చూస్తే మాయమవుతుందని చూడలేదు.

"ఓయమ్మో! ఎవరికి వడ్డిస్తన్నావు అక్కా?"

మా సావాసగత్తె. బస్తాల సంగతి చూద్దామని ఆమె కూడా వచ్చింది. గొడుగు కింద నోరు తెరుచుకుని నిలబడింది.

"నిజాంపట్నం అవతలోళ్ళకి. మాట్లాడమాక."

"దయ్యం పట్టిందా ఏంది?"

"దయ్యానికైతే సగం గరిటే వేసేదాన్ని. ఊరుకో."

 ఆమె ఏమనుకుందో ఏమో, చీపురు తీసుకుని నా ముందు నేల మీది నీళ్ళు ఊడ్చింది, జారతానని.

పావుగంట గడిచింది. ఉప్పు తగిలిన చారు కదా, ఒక్కో గరిటెకి రెండు ముద్దలన్నం కలుపుకుంటున్నారు. మారు వద్దన్నవాడు లేడు. నా తప్పు కూడా వంటలో పనికొచ్చింది. కాని నోళ్ళు ఎండిపోయి "మజ్జిగ, మజ్జిగ" అనడం మొదలైంది.

మరిది గొంతు అందరికంటే పైన వినపడింది. "ఏందమ్మా, మజ్జిగ తెమ్మంటే తలుపేసుకుంటన్నావు? ఎండ కాస్తంది. అరగంటలో గేదెల్ని విప్పి వస్తా. చూడిది ఉంది వాటిల్లో."

"చిలుకుతన్నా మామయ్యా."

"ఎప్పుడనగా చిలికావు! నేను చూళ్ళేదా? ఇది నీ బుద్ధి కాదు. ఆ ఫోన్లో ఉన్నదాని బుద్ధి. ఇంక మజ్జిగొద్దు ఏమొద్దు, నేను లేస్తన్నా."

"ఫోను ఆయన పళ్ళెం పక్కన పెట్టు" అన్నాను ఆ పిల్లతో. "మరిదీ, లేవమాక."

"నువ్వు లేవలా?" అన్నాడు. బంతి మొత్తం చప్పుడు ఆగిపోయింది. "నా పెళ్ళాం పెద్దకర్మ బంతిలోంచి, మజ్జిగ పడకుండా నువ్వు లేచిపోలా? ఊరు ఊరంతా చూస్తుండగా! నీకో ధర్మం, నాకో ధర్మమా?"

నేను వరండా మధ్యలో నిలబడిపోయాను. నాలుగేళ్ళుగా ఈ మాటకి ఎన్ని జవాబులు తయారు చేసి పెట్టుకున్నానో. అన్నం దండగ చేశారని, పరువు కోసం పెట్టారని, నేను అన్నది నిజమేనని. అవన్నీ పక్కన పెట్టాను.

"లేచాను" అన్నాను. "తప్పు చేశాను మరిదీ. ఆ రోజు నా కోపం అన్నం మీద కాదు. నా చెల్లెలు పోతే జనం నవ్వుకుంటా తింటన్నారని. దాన్ని చూడటానికి ఆర్నెల్లకోసారన్నా రాలేకపోయానని. బస్సు చార్జీలు చూసుకున్నాను. అది తెలిసి, ఆ ఏడుపు నీ విస్తరి మీద చూపించాను."

అవతల పళ్ళెం జరిపిన చప్పుడైంది.

"గాలి ఊపిరి పీల్చుకునేటప్పుడు బయటికి పోకూడదని నీ పెళ్ళాం నాకు వందసార్లు చెప్పింది. నీకు చెప్పలేదా? నేను బంతిలోంచి లేస్తే మాటలు పోయినయ్. నువ్వు లేస్తే మనిషివే పోతావు. కూర్చో."

కాకి మళ్ళీ అరిచింది. మా సావాసగత్తె చీపురు పట్టుకుని అట్లాగే నిలబడింది. 

తర్వాత ఆయన గొంతు, నాతో కాదు, కోడలితో. "ఆ చారే పొయ్యమ్మా ఇంకొంచెం. ఉప్పు కషాయం. ఎవరు చెప్పారో గాని కొలత."

"నేనే" అన్నాను.

"తెలుస్తానే ఉంది" అన్నాడు.

బంతిలో ఎవరో నవ్వారు. పళ్ళేలు మళ్ళీ మోగాయి. నేను మళ్ళీ ఈ కొస నుంచి మొదలుపెట్టాను. ఇంకో పావుగంట నడిచి ఉంటాను. వరండా ఆ చివరికి వెళ్ళేసరికి, ఫోన్లో ముందు ఒక కిటికీ తలుపు ఠపీమని కొట్టుకుంది. కాకి గొంతు ఆగిపోయింది. ఆ మరిగే హోరు మళ్ళీ వచ్చింది. ఈసారి ఎసరులాగా లేదు, గుండిగే బోర్లాపడినట్టుంది. పిల్లలు అరిచారు. "తలుపులు! ఆ పక్క తలుపులు!" అని మరిది కేక వేస్తున్నాడు. ఆయన గొంతు లోపలి నుంచే వస్తోంది. అది మటుకు విన్నాను.

"మజ్జిగ పొయ్యి!" అని నేను ఫోన్లోకి అరిచాను. విన్నదో లేదో. ఫోను పోయింది.

మా సావాసగత్తె నా చేతిలోంచి గరిటె తీసుకుంది. ఇద్దరం బియ్యం బస్తాల మీద కూర్చున్నాం.  చీకటి పడ్డాక గొడుగులు వేసుకుని ఇళ్ళకి పోయాం.

తెల్లారేసరికి మాకు వాన వెలిసింది. ఏడింటికి తెలియని నంబరు నుంచి ఫోనొచ్చింది. మరిది.

"వదినా, కాలవ గట్టు లేదు" అన్నాడు.

"లేదంటే?"

"లేదు. నిన్న నేను పోదామన్న దారి మొత్తం కోసుకుపోయింది. మేడ మీంచి చూస్తే నీళ్ళే. ఇప్పుడే పడవ మీద పోయి చూసొచ్చా. రెండు గేదెలు బతికినయ్. చూడిది పోయింది."

"మనుషులు?"

"అందరం ఉన్నాం."

 వెనకాల ఎవరో పళ్ళేలు కడుగుతున్నారు.

"తిన్నావా?" అన్నాను.

"లేదు. పిల్ల ఉప్మాకి ఎసరు పెడతంది."

"తిను."

"తింటా వదినా" అని పెట్టేశాడు. ఆ రోజు మాకు బడి ఉంది. నేను తలకి నూనె రాసుకుని, ముడి చుట్టుకుని, పొయ్యి వెలిగించడానికి వెళ్ళాను.